పడవకి చిన్న మోటర్ కొనేముందు చెరువు సంగతి చెప్పు

నేను: అందరికి నమస్తే. ఇయ్యాల ముచ్చట పడవ మోటర్ల మీద. హన్మకొండల స్ప్రే పంపులు, పొలం ఇంజన్లు, పడవ మోటర్లు అన్ని విప్పి సాఫ్ చేసే అన్న మనతోని ఉన్నడు. అన్నా, సీదా అడుగుత. పదహారు ఫీట్ల ఫైబర్ పడవ ఉన్నది, ఎన్ని హెచ్‌పీ తీస్కోవాలె? మెసేజ్‌లల్ల మొత్తం గిదే.

అన్న: నా దగ్గరికొచ్చేటోళ్ళు కూడ ముందు గదే అడుగుతరు తమ్మీ. నేను ఎదురు అడుగుత, ఏ చెరువు, ఎండకాలం నీళ్ళు ఎంత దాక ఉంటయి, గుర్రపు డెక్క ఉన్నదా, మోటర్‌ని రోజు భుజం మీద మోసుకొని ఇంటికి పోతవా లేకపోతే ఒడ్డుమీద పెట్టి తాళమేస్తవా, ఇవి చెప్పినంక హెచ్‌పీ మాట. చెరువు గట్టు మీద మోటర్ ఒదిలేసి పొద్దుగాల వచ్చి చూస్తే ఉంటదా మరి?

నేను: ఉండది అన్నా. కానీ పెద్దది పెడితే జల్ది పోతది కదా?

అన్న: పోదు. అసలు ముచ్చట ఇక్కడ్నే ఉన్నది. మన చేపల పడవలు నీళ్ళను కోస్కుంట పొయ్యేటియి, స్పీడ్‌బోట్ తీర్గ నీళ్ళ మీదికి లేచేటియి కావు. గసొంటి పడవకి పొడుగును బట్టి ఒక హద్దు ఉంటది. నీళ్ళకు ఆనే పొడుగు ఫీట్లల్ల తీస్కో, దాని వర్గమూలం కట్టు, 1.34 తోని గుణించు, నాట్లల్ల (పడవల స్పీడ్ కొలిచే లెక్క) స్పీడ్ వస్తది. పదహారు ఫీట్లకి వర్గమూలం నాలుగు, అంటే 5.4 నాట్లు, గంటకి పది కిలోమీటర్లు అనుకో. గా హద్దు దాటాలని పది హెచ్‌పీ పెట్టినవనుకో, వెనక దిగబడి ముంగట లేస్తది, అలలు లేస్తయి, పెట్రోల్ కాలుతది, పడవ మాత్రం గక్కడ్నే. ఇద్దరు మనుషులు, వల, ఐస్ డబ్బా ఏస్కొని గాలి లేని చెరువుల తిరుగుడుకు 2, 3 హెచ్‌పీ సాలు. ఎదురుగాలికి, బరువుకి జర ఎక్కువ కావాలంటే 5, 6.

నేను: గోదావరికి కూడ గంతేనా? ఏటూరునాగారం దిక్కోళ్ళు అడుగుతున్నరు.

అన్న: ఎండకాలం ఇసుక మేటలు తేలినప్పుడైతే నడుస్తది. వానకాలం వరదల నీళ్ళు సెకనుకి రెండు మూడు మీటర్లు ఉరుకుతయి, గంటకి లెక్క కడితే 7 నుంచి 11 కిలోమీటర్లు. నీ పడవ హద్దే పది. ఫుల్ రేజ్ ఇచ్చినా మెల్లగ జరుగుతవ్, నీళ్ళు ఇంకా ఉరికితే ఉన్నకాడనే ఉంటవ్, లేకపోతే ఎనకకే పోతవ్. గప్పుడు ఏ మోటర్ పెట్టాలె అని నన్నడగొద్దు, పడవ ఒడ్డుకు కట్టెయ్.

నేను: సరే, 4, 5, 6 హెచ్‌పీలల్ల ఏది తీస్కోవాలె?

అన్న: తొహాట్సు కంపెనీవి చూడు, 4, 5, 6 మూడు ఒకటే 123 సీసీ ఇంజన్, బరువు కూడ దగ్గర్దగ్గర 26 కిలోలే. గాలి, పెట్రోల్ పొయ్యే తొవ్వ సన్నగ చేసి తక్కువ హెచ్‌పీ అని అమ్ముతరు. మోసే బరువు ఒకటే అయినప్పుడు రేట్లు దగ్గరుంటే 6 తీస్కో. కానీ 2, 2.5 దగ్గర ముచ్చట వేరే, కంపెనీని బట్టి 13 నుంచి 18 కిలోలు, ఒంటి చేత్తోని పట్టుకొని గట్టు దిగొచ్చు. 26 కిలోలు పట్టుకొని జారే బురదల దిగి చూడు, గప్పుడు తెలుస్తది. హోండాల 2.3 అని చిన్నది ఉంటది, 57 సీసీ, గాలితోని చల్లబడేది. సప్పుడు మస్తు, మాట్లాడుకుంట పోలేవు. కానీ నీళ్ళు గుంజే పంపు ఉండది, మన చెరువులకి గదే లాభం.

నేను: అదెట్ల?

అన్న: మిగిలిన మోటర్లు శానామట్టుకు కింద జాలికెల్లి చెరువు నీళ్ళు గుంజుకొని ఇంజన్‌ని చల్లబరుస్తయి. గుర్రపు డెక్క ఏర్లు, నాచు, పాలిథిన్ కవర్ పోయి గా జాలికి అడ్డం పడితే ఇంజన్ ఉడుకుతది. వెనక సన్నని ధార కొడుతుంటది చూడు, గది ఆగిందంటే ఎంబడే బంద్ చెయ్యాలె. లోపట నీళ్ళు గుంజే రబ్బరు ఇంపెల్లర్ ఉంటది, నీళ్ళు లేకుంట కొన్ని సెకన్లు తిరిగినా ఖరాబ్. కొత్త మోటర్ తెచ్చి ఇంటి ముంగట స్టూలు మీద పెట్టి, అందరికి చూపెడుదామని ఎండుగ తాడు గుంజి స్టార్ట్ చేసేటోళ్ళున్నరు, గట్ల చెయ్యకున్రి. నీళ్ళ డ్రమ్ముల ముంచి స్టార్ట్ చెయ్యాలె.

నేను: మరి డెక్క నిండా ఉన్న చెరువుకైతే?

అన్న: గాడికి లాంగ్‌టెయిల్ బెటర్. పైన పొలానికి నీళ్ళు పెట్టే పంపుల ఇంజనే, 5.5, 6.5 హెచ్‌పీ, గాలితోని చల్లబడేది, దానికి వెనక పొడుగు రాడ్, చివరికి ఫ్యాన్. మొద్దు తాకబోతే రాడ్ లేపుతవ్, డెక్క సుట్టుకుంటే లేపి తీసేస్తవ్. సామాను ఇక్కడ ఏ పంపుసెట్ దుకాణంల అయినా దొరుకుతది, ఔట్‌బోర్డ్ (పడవ వెనక బిగించే మామూలు మోటర్) సామానుకైతే కోస్తా దిక్కుకెల్లి తెప్పించుకోవాలె. ఇంజన్ ఒక్కటే 16 కిలోలు, రాడ్ వేరే, రివర్స్ ఉండది, తిప్పుడుకు రెట్టలు గుంజుతయి, ఫ్యాన్ ఏ కవర్ లేకుంట బయటనే తిరుగుతది కాబట్టి పక్క పడవోళ్ళు దగ్గరికి రావద్దు. ఇన్ని బాధలున్నా పీకల దాక డెక్క ఉన్న చెరువుకి నేను గదే చెప్త.

నేను: మిడ్ మానేర్ డ్యామ్‌ల మునిగిన ఊర్లు ఉన్నయి కదా, గోడలు, చెట్లు...

అన్న: అవ్, నీళ్ళు దిగినప్పుడు మొండి గోడ ఎక్కడున్నదో కానరాదు. చిన్న ఔట్‌బోర్డ్‌లల్ల శానా వాటికి ఫ్యాన్ దగ్గర షియర్ పిన్ అని ఉంటది, ఏదన్న తాకితే గది తెగి గేర్లను కాపాడుతది. గా పిన్నులు నాలుగు, కటింగ్ ప్లేయర్ ఒకటి పడవల్నే పెట్టుకో, తెడ్డు కూడ మర్చిపోకు.

నేను: షాఫ్ట్ (మోటర్ కింది కాడ) షార్ట్, లాంగ్ అంటరు, అదేంది?

అన్న: మోటర్ బిగించే వెనక పలక ఎత్తు కొలువు. 15 ఇంచుల దగ్గర ఉంటే షార్ట్, 20 దగ్గర ఉంటే లాంగ్. ఫ్యాన్ మీద రెక్క తీర్గ అడ్డంగ పలక ఉంటది, అది పడవ అడుగుకి ఒక ఇంచు కిందికి రావాలె. పైకుంటే ఫ్యాన్ గాలి మింగి ఉత్తగ గిర్రున తిరుగుతది, మరీ కిందికుంటే నీళ్ళు అడ్డం పడి పెట్రోల్ దండగ. థర్మాకోల్ తెప్పకి మోటర్ పెడ్త అని ఒకాయన వచ్చిండు, పలకే లేదు, ఎక్కడ బిగిస్తవ్ అన్న. స్క్రూలు ఎంత బిగించినా వణుకుడుకు లూజ్ అయితయి, ఒక తాడు పడవకి కట్టుంచు. లేకపోతే మోటర్ చేపల పాలే.

నేను: బ్యాటరీ మోటర్?

అన్న: లక్నవరం అసొంటి కాడ గాలంతోని కూసునేటోళ్ళకి మంచిగనే ఉంటది, సప్పుడు లేదు. కానీ లెక్క చూడు. 55 పౌండ్ల తోపుడు బలం ఉన్న మోటర్ ఫుల్‌ల 12 వోల్టుల మీద 50 ఆంపియర్లు గుంజుతది, అంటే 600 వాట్లు, ఒక హెచ్‌పీ 746 వాట్లు, ఇగ నువ్వే చూస్కో. 100 ఆంపియర్ అవర్ మామూలు బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడొద్దు, గంట కూడ మస్తే. ఇంట్లకెల్లి ఇన్వర్టర్ బ్యాటరీ పట్టుకపోతరు కొందరు, అది యాభై కిలోల పైనే, పడవ ఒరిగితే యాసిడ్ కారుతది. లిథియం అయితే 100 ఆంపియర్ అవర్‌ది 12, 13 కిలోలే, పైసలు మాత్రం గట్టిగనే పెట్టాలె.

నేను: పెట్రోల్ ముచ్చట?

అన్న: ఇప్పుడు బంకుల 20 శాతం ఇథనాల్ కలుస్తున్నది, అది తేమ పట్టుకుంటది. నెలల తరబడి మూలకు పెట్టే మోటర్ల కార్బొరేటర్ సన్నని బొక్కలు గడ్డకట్టి మూసుకపోతయి. ఇంటికొచ్చేముందు పెట్రోల్ బంద్ చేసి, కార్బొరేటర్‌ల ఉన్నది కాలేదాక నీళ్ళల్లనే తిరగనియ్యి. పాత టూ స్ట్రోక్ అయితే కంపెనీ 50:1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు ఆయిల్ కలుపాలె. ఫోర్ స్ట్రోక్‌ని ఆటోల తెచ్చేటప్పుడు దాని మీద ఏ పక్క పండవెట్టాల్నో గుర్తు ఉంటది, గది చూసే పండవెట్టు, లేకపోతే ఆయిల్ సిలిండర్లకి దిగుతది. అన్నట్టు పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు, అక్కడ మోటర్ దించేముందు ఫారెస్టోళ్ళ పర్మిషన్ అడుగు.

నేను: లాస్ట్ ప్రశ్న, సెకండ్‌హ్యాండ్ తీస్కోవచ్చా?

అన్న: తీస్కోవచ్చు, స్టార్ట్ అయింది కదా అని మాత్రం మురవకు. అమ్మేటాయన నువ్వొచ్చేసరికి ఇంజన్ వేడిచేసి పెడతడు, చెయ్యి పెట్టి చూడు, సల్లగున్నప్పుడే తాడు గుంజు. తర్వాత కింద గేర్ ఆయిల్ స్క్రూ విప్పి నాలుగు చుక్కలు వేలి మీద పట్టు. పాలు పోసిన చాయ్ లెక్క వచ్చిందంటే సీలు పోయి నీళ్ళు చొచ్చినట్టు. సీలు ఒక్కటే అయితే చిన్న ఖర్చు, లోపట గేర్లు, బేరింగులు తుప్పు పట్టినయా అన్నది విప్పితే గాని తెలువది. విప్పి చూపెడ్తడా అడుగు, చూపియ్య అంటే బండెక్కి వచ్చెయ్.