రాయలవారి విస్తరిలో మిరపకాయ లేదు

ప్రేక్షకులందరికీ నమస్కారం. శ్రీకృష్ణదేవరాయలవారి విస్తరిలో మిరపకాయ లేదని పోయిన వీడియోలో నేను అన్న మాటకు మీలో చాలామంది నొచ్చుకున్నారు. ఆవకాయను అవమానించానని కొందరు రాశారు. మా తాతముత్తాతల నాటి కారాన్ని పరాయిదంటావా అని సీమ మిత్రులు నిలదీశారు. ఆ మాటను నేను వెనక్కి తీసుకోవడం లేదు. పైగా ఇంకొంచెం వెనక్కి వెళ్ళి చెబుతున్నాను: కాకతి రుద్రమదేవి మిరపకాయ ఎరుగదు, శ్రీనాథుడు ఎరుగడు, ఓరుగల్లు కోట కట్టిన కూలీల ముంతలోని అంబలికి కూడా నంజుకోవడానికి పచ్చిమిరపకాయ లేదు.

నాకు ఇంత పట్టుదల ఎందుకు కలిగిందో చెబుతాను. కొంతకాలం క్రితం కాకతీయుల కాలం నాటి కథతో తీసిన ఒక చిత్రాన్ని చూశాను. దర్శకుడు కోట తోరణాన్ని చెక్కడంతో సహా కట్టించాడు, ఆడవాళ్ళ నగలకు శిల్పాలను నమూనాగా తీసుకున్నాడు, యుద్ధంలో ఏనుగులకు కట్టిన కవచాల మీద కూడా ఎంతో శ్రద్ధ పెట్టాడు. అంత శ్రద్ధ పెట్టినవాడు వంటశాలను చూపించేసరికి గుమ్మానికి ఎండుమిరపకాయల దండ వేలాడదీశాడు. నాకు ఆ తరువాతి యుద్ధం కంటికి ఆనలేదు. కాకతీయ రాజ్యం కూలిపోయింది 1323లో. మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండాలు. అక్కడికి 1492లో ఓడలు నడిపిన కొలంబస్, ఓరుగల్లు పతనమయ్యేనాటికి పుట్టనైనా లేదు. గుమ్మానికి ఆ దండ వేలాడదీయడమూ, ప్రతాపరుద్రుడి చేతికి తుపాకి ఇవ్వడమూ ఒకటే తప్పు. తుపాకి ఇస్తే మీరందరూ నవ్వేవారు, మిరపకాయల దండను మాత్రం ఒక్కరూ గమనించలేదు.

రాయలవారి విషయంలో మీరు వేసిన ప్రశ్న న్యాయమైనదే. వాస్కో డ గామా 1498లోనే కాలికట్టు చేరాడు కదా, పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకున్నారు కదా, రాయలవారు 1509 నుంచి 1529 వరకు ఏలారు కదా, గుర్రాలు అమ్మినవారు మిరపకాయలు తెచ్చి ఉండరా అని అడిగారు. తెచ్చి ఉండవచ్చు. అయితే రేవులో దిగిన కాయ వేరు, వంటింట్లో నిలదొక్కుకున్న కాయ వేరు. ఆ వంటింట్లో ఏముందో చెప్పడానికి మనకు రాయలవారికంటే పెద్ద సాక్షి ఎవరున్నారు? తాను రాసిన ఆముక్తమాల్యద కావ్యంలో విష్ణుచిత్తుడనే భక్తుడు శ్రీవిల్లిపుత్తూరులో వచ్చిపోయే వైష్ణవులకు ఏ ఋతువులో ఏమి వడ్డించాడో ఆయన మూడు పద్యాలలో చెప్పారు. ఆ మూడు పద్యాలను మించిన తెలుగు భోజన చరిత్ర నాకు ఇంతవరకు కనబడలేదు.

ముసురు పట్టిన వానాకాలంలో వరి అన్నం, ఒలిచిన పప్పు, పొగిపిన, అంటే తాలింపు వేసిన, కూరలు నాలుగైదు, వడియాలు, వరుగులు, పెరుగు, పైన ధారగా నెయ్యి. ఆ పద్యంలోనే ఇల్లాలి కళ్ళలోకి పొగ పోకుండా పొయ్యిలో కొబ్బరి చిప్పలు పెట్టి వండేవారని కూడా ఉంది; సామ్రాజ్యం ఏలిన మనిషి వంటింటి పొగ దాకా చూశాడంటే నాకు ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది. వేసవిలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరి నీళ్ళు, వడపిందెలు అనే ఊరవేసిన లేతకాయలు, నీరుమజ్జిగ. ఇక చలికాలం పద్యాన్ని జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మన తగాదా తీరేది అక్కడే: కొత్త బియ్యపు అన్నం, మిరియాల పొడి చల్లిన కూరలు, ముక్కు అదిరేలా ఆవ పెట్టిన పచ్చళ్ళు, పాయసం, ఊరుగాయలు, చేయి చురుక్కుమనే నెయ్యి. చలికి నోరు మండాలనుకున్నప్పుడు రాయలవారికి గుర్తుకు వచ్చినవి రెండే, మిరియమూ ఆవా. ఆయనకు మిరపకాయ తెలిసి ఉంటే, ముక్కు అదరడాన్ని కూడా పద్యంలో పెట్టిన ఆ రసికుడు దానిని వదిలిపెట్టి ఉండేవాడా? ఊరుగాయలు ఉన్నాయి, వడపిందెలు ఉన్నాయి. అంటే ఎర్రకారం లేకుండానే మనవాళ్ళు కాయలు ఊరవేసుకున్నారు.

పద్యాలు వద్దనుకునేవారు మన మాటనైనా నమ్మండి. మిరియము వంటి ఘాటు ఉన్న కాయ కనుక మిరపకాయ అయింది. తమిళులు మిరియానికి తమ మాట అయిన మిళగుకు కాయ చేర్చి మిళగాయ్ అన్నారు, కన్నడిగులు మిరియానికి తమ మాట అయిన మెణసుకు కాయ చేర్చి మెణసినకాయి అన్నారు. ముగ్గురు ఇరుగుపొరుగువారూ కొత్తగా వచ్చినదానికి పాతదాని పేరే పెట్టుకున్నారంటే ఏది ముందు వచ్చిందో ఇంకా వాదించుకోవాలా? పాత గ్రంథాలలో మరీచం ఉంది కదా అని రాసినవారికి కూడా ఇదే జవాబు, మరీచమంటే మిరియమే. ఇక ఆవకాయను నేను అవమానించానన్నవారు ఆ పేరును ఒక్కసారి విడదీసి పలకండి. అందులో ఆవ ఉంది, కాయ ఉంది, మిరప ఎక్కడా లేదు. పేరు పెట్టిననాడు ఆ జాడీలో ఘాటు ఆవపిండిదేననీ, ఎర్రరంగు తరువాత వచ్చి చేరిందనీ నా సిద్ధాంతం. శాసనం చూపించమంటే నా దగ్గర శాసనం లేదు. అయితే గోదావరి జిల్లాల్లో ఈనాటికీ పనసపొట్టు కూరకూ, అరటికాయ కూరకూ ఆవ పెడతారు, పులిహోరకూ పెడతారు. ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటే నాలుకకంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. రాయలవారి పద్యంలో ఉన్న దెబ్బ అచ్చంగా అదే.

ఇప్పుడు చరిత్ర పుస్తకాల సంగతికి వస్తాను. నేను బడిలో చదివిన చరిత్ర పుస్తకంలో రాయలవారు గెలిచిన కోటలన్నీ వరుసగా ఉన్నాయి, ఆయన తిన్న ముద్ద ఒక్కటీ లేదు. అటువంటి పుస్తకాలు చదివి పెరిగినవారే దర్శకులవుతారు కనుక, కోటలు సరిగ్గా కట్టి వంటిళ్ళు తప్పుగా కడతారు. ఈ లోటు ఒక్క మనిషికి గట్టిగా తగిలింది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రచురించి, రాజుల వంశావళిని పక్కనపెట్టి, కావ్యాలను జల్లెడ పట్టి మన తిండీ బట్టా ఆటా పాటా ఏరి చూపించారు. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం మొట్టమొదట 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. చారిత్రక చిత్రం తీయబోయే ప్రతి దర్శకుడూ కళా దర్శకుడి కంటే ముందు ఆ పుస్తకాన్ని కుదుర్చుకోవాలి.

కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించే పాత తెలుగు కావ్యం క్రీడాభిరామం చదివినా చాలు. ఓరుగల్లులో లక్ష్మణవజ్జల ఇంట ఒక్క రూక ఇస్తే కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు పెట్టేవారట. ఇది రాజుగారి విందు కాదు, దారిన పోయే మనిషి డబ్బిచ్చి తిన్న పూటకూటి భోజనం. ఇంత చక్కటి సన్నివేశం పద్యంలో సిద్ధంగా ఉండగా, మన చిత్రాల్లో రాజు ద్రాక్షగుత్తి పైకెత్తి కొరకడం తప్ప ఇంకేమీ తినడు. విజయనగరానికి 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయేస్, రాయలవారు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, అదే నూనె ఒంటికి పట్టించుకుని, చెమటతో ఆ నూనె అంతా కారిపోయేదాకా కసరత్తు చేసేవారని రాశాడు. తరువాత వచ్చిన మరో పోర్చుగీసువాడు న్యూనిజ్, విజయనగర రాజులు ఆవు ఎద్దు మాంసం తప్ప గొర్రె, పంది, జింక, కౌజుపిట్ట, కుందేలు, చివరికి పిచ్చుక దాకా తినేవారని జాబితా ఇచ్చాడు. నూనె తాగే రాజును, వేటమాంసం తినే రాజును తెర మీద చూపించడానికి మనవాళ్ళు ఎందుకు జంకుతారు? లడ్డూ పళ్ళేలు ముందు పెట్టుకుని కూర్చున్న రాజుకంటే ఆయన నాకు వెయ్యి రెట్లు నిజమైన మనిషిగా కనిపిస్తాడు.

1957లో వచ్చిన మాయాబజార్‌లో ద్వాపరయుగంలో జిలేబీ ఉంది కదా, దాన్ని ఎందుకు తప్పుపట్టవని ఒకరు అడిగారు. ఎస్వీ రంగారావుగారు ఆ విందును మింగేస్తుంటే తప్పులు వెతికే మనసు నాకు లేదు. అది చరిత్రనని చెప్పుకోలేదు. తెలుగింటి పెళ్ళి విస్తరిని, గారెలు బూరెలు అరిసెలు అప్పడాలు పులిహోర దప్పళాలతో, ఉన్నది ఉన్నట్టుగా ఘటోత్కచుడి ముందు పెట్టింది. గోంగూరకు ఆ చిత్రం చేసినంత మర్యాద ఇంకే చిత్రమూ చేయలేదు. పైగా ఆ విందు మీద ఉన్న వివాహభోజనంబు పాటలో ఎంత వెతికినా మీకు మిరపకాయ దొరకదు!

గుంటూరు మిర్చి యార్డు మీద, వరంగల్ చపాట మిర్చి మీద నాకు ద్వేషం లేదు. వచ్చినదాన్ని నాలుగైదు వందల ఏళ్ళలో మనదిగా చేసుకున్నాం, అది మన రైతు గొప్పతనం. నా బాధ వేరు. ఒక రుచి పేరును ఒక కాయ మింగేసింది. కారమంటే ఇవాళ మిరపపొడి, ఇంకేమీ కాదు. మిరియం చారుకు, జలుబుకు పరిమితమైంది, ఆవ తాలింపులో చిటపటకు మిగిలింది.

అయినా ఆ పాత విస్తరి పూర్తిగా పోలేదు. రాయలనాటి భోజనం తినాలనుకునేవారు రాజుల పేర్లు పెట్టుకున్న హోటళ్ళకు వెళ్ళవలసిన పనిలేదు, తద్దినం పెట్టే ఇంటికి భోక్తలతో పాటు వెళ్ళి కూర్చోండి. చాలా ఇళ్ళలో ఆ రోజు మిరపకాయ వాడరు, ఘాటుకు మిరియమే వేస్తారు. టమాటా రాదు, బంగాళాదుంప రాదు, క్యాబేజీ రాదు. అవన్నీ ఓడ దిగి వచ్చినవే. పెద్దలకు తెలియని కూర పెద్దలకు పెట్టకూడదని ఎవరో ఒకనాడు గీసిన గీతను, కారణం తెలియకపోయినా, మన అమ్మమ్మలు దాటలేదు. అందుకని మీ అందరినీ ఒకటి కోరుతున్నాను. మీ ఇంట్లో తద్దినం రోజున ఏ కూరలు వండుతారో, వేటిని ముట్టరో, ఘాటుకు ఏమి వేస్తారో, మీ ఊరి పేరుతో సహా కింద రాయండి. పచ్చిమిరపకాయ వేస్తామనేవారు కూడా తప్పకుండా రాయండి, అది ఎవరి తరంలో మొదలైందో ఇంట్లో పెద్దవారిని అడిగి మరీ రాయండి. వచ్చిన జాబితాలను రాయలవారి మూడు పద్యాల పక్కన పెట్టి, వచ్చే వీడియోలో ఒక్కొక్కటిగా చదువుతాను.