వంగితేనే కనబడే పూలు

అందరికీ నమస్కారం. అడవి ఆర్కిడ్ల గురించి మాట్లాడమన్నారు. ఈ వసంతంలో ఒక రోజంతా వాటి కోసం తిరిగాం, ఆ సంగతే చెబుతాను. ఫోటోలు రెండే తెచ్చాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

పొద్దున్నే ఐదుగురం బయల్దేరాం. రెండు గంటలు నడిచినా ఒక్క పువ్వూ లేదు. కుండీల్లో అమ్మే అరచేతంత పువ్వు బుర్రలో పెట్టుకుని వెతికితే అంతే మరి. అడవిలో చాలా ఆర్కిడ్ల పువ్వు గోరంత కూడా ఉండదు. మాలో ఒకాయనకి పిట్టల పిచ్చి. వడ్రంగిపిట్ట కనబడగానే బైనాక్యులర్స్ తీసి అక్కడే నిలబడిపోయారు. విసుగొచ్చి నేను గడ్డిలో కూలబడ్డాను. చెయ్యి ఆనించిన చోటికి జానెడు దూరంలో ఊదారంగు పూల కంకి! రెండు గంటలుగా ఇలాంటివి ఎన్ని దాటొచ్చామో.

అక్కడే అరగంట కూర్చున్నాం. ఒక తేనెటీగ వచ్చింది, పువ్వులో తల దూర్చింది, వెళ్ళిపోయింది. పాపం, దానికేమీ దక్కి ఉండదు. ఆర్కిడ్లలో సుమారు మూడో వంతు జాతులు పురుగులకు మకరందం ఇవ్వవు, ఆశ చూపించి పని చేయించుకుంటాయి. పైగా పుప్పొడిని పొడిగా కాక ముద్దగా చేసి, బంకతో పురుగు తలకే అంటిస్తాయి. డార్విన్ పెన్సిల్ మొన దూర్చి ఈ ముద్దను బయటికి లాగి చూశాడు. నిటారుగా అంటుకున్న ముద్ద అర నిమిషంలో ముందుకు వాలిపోయింది. తేనెటీగ ఇంకో పువ్వులోకి వెళ్ళేసరికి ముద్ద సరిగ్గా అంటాల్సిన చోటే తగులుతుందన్నమాట. 1862లో ఈ పూల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. నాకైతే పువ్వు అందం కన్నా ఈ అర నిమిషమే ముచ్చటగా ఉంటుంది.

పక్క కంకి మీద తెల్లటి పీత సాలీడు కాళ్ళు చాచి కాచుకుని ఉంది. పువ్వు చేసే మోసానికి తోడు దీని మోసం ఒకటి.

ఇక నా తప్పు. ఫోటో కోసం మోకాలి మీద కూర్చున్నాను. లేచి చూస్తే కింద మూడాకుల పిల్లమొక్క నలిగిపోయి ఉంది. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. మట్టిలో తగిన బూజు తగిలి తిండి పెడితేనే మొలుస్తుంది. ఈ సంగతి 1899లో ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ అనే వృక్షశాస్త్రవేత్త కనిపెట్టాడు. నేలమీద పెరిగే రకాలు పూత దాకా రావడానికి చాలాసార్లు ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళ కష్టాన్ని నేను ఒక్క ఫోటో కోసం తొక్కేశాను. కెమెరా సంచీలో పెట్టేశాను. పెకలించి తెచ్చుకుందామనుకునేవాళ్ళకూ ఇదే మాట: ఆ బూజు మీ కుండీలోకి రాదు.

ఇంగ్లండ్‌లో లేడీస్ స్లిప్పర్ అనే ఆర్కిడ్‌ను జనం తవ్వి తవ్వి పట్టుకుపోయారు. ఇక లేదనుకున్నాక, 1930లో ఒక్క మొక్క దొరికింది. ఆ చోటును దశాబ్దాల పాటు రహస్యంగా ఉంచారు. నా రెండు ఫోటోల్లోంచీ లొకేషన్ తీసేశాను. ఇక అడగండి. ఎక్కడ అన్నది తప్ప ఏ ప్రశ్నైనా సరే.