బుల్లెట్టా, ఏరియలా? బండరాళ్ల మీద రెండు బ్రిటిష్ బండ్లు

(తెర మీద: పాత ఫొటో. రాళ్ల వాగులో ఫుట్‌రెస్టుల మీద నిలబడి బండి నడుపుతున్న రైడర్)

నమస్తే అండి. బుల్లెట్ అనగానే మనకు హైవే, లాంగ్ రైడ్ గుర్తొస్తాయి. కానీ బ్రిటన్‌లో ఈ బండి బురదలో, రాళ్ల మీద పేరు తెచ్చుకుంది. ఆ ఆట పేరు ట్రయల్స్. అందులో దానికి గట్టి పోటీ ఇచ్చిన బండి ఏరియల్ హెచ్‌టీ5. ఈ రెండింటిలో ఏది గొప్పది?

ట్రయల్స్‌లో స్పీడుతో పెద్దగా పని లేదు. వాగో, గుట్టో, చెట్ల వేళ్లో, కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి పెడితే 1 పాయింటు పడుతుంది, పదే పదే పెడితే 3, బండి ఆగితే 5. ఎవరికి తక్కువ పడితే వాళ్లదే గెలుపు.

1948లో రాయల్ ఎన్‌ఫీల్డ్ తన కొత్త 350 బుల్లెట్‌ను కోల్మోర్ కప్ ట్రయల్ అనే పోటీలో దింపింది. వెనక స్వింగింగ్ ఆర్మ్, అంటే చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేయి, రెండు షాక్ అబ్జార్బర్లు. వెనక సస్పెన్షన్ ఉంటే ట్రయల్స్‌లో బండి అదుపు తప్పుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు.

(క్లోజప్: రాయి ఎక్కుతున్న వెనక చక్రం)

ఇది కాస్త జాగ్రత్తగా చూడండి. సస్పెన్షన్ లేని బండి రాయెక్కితే వెనక భాగం మొత్తం ఎగురుతుంది. గాల్లో ఉన్న చక్రం బండిని ముందుకు నెట్టలేదు. గిర్రున తిరిగి, నేలకు తగలగానే జారుతుంది. స్వింగింగ్ ఆర్మ్ ఉంటే చక్రం మాత్రమే పైకి లేచి, వెంటనే కిందికి దిగుతుంది. టైరు నేలను పట్టుకునే ఉంటుంది. జానీ బ్రిటన్ అనే రైడర్ ఈ బుల్లెట్ మీదే 1952లో, మళ్లీ 1957లో స్కాట్లాండ్‌లో ఆరు రోజులు జరిగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు.

1950ల మధ్యలో వచ్చిన ఏరియల్ హెచ్‌టీ5కి కూడా వెనక స్వింగింగ్ ఆర్మే! దాని అసలు బలం ఇంజన్‌లో ఉంది. బుల్లెట్‌ది 346 సీసీ, దీనిది 499. ఒకే సిలిండర్. దాదాపు ఆగిపోతుందేమో అన్నంత నెమ్మదిగా తిరుగుతూ కూడా గుట్ట ఎక్కించేస్తుంది.

(తెర మీద: జీఓవీ 132 నంబర్ ప్లేటు)

ఇది శామీ మిల్లర్ అనే రైడర్ నడిపిన హెచ్‌టీ5. బరువు తగ్గించడానికి అతను పడని పాట్లు లేవు. ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం, ఏది కుదిరితే అది వాడి, ప్రతి భాగాన్నీ చెక్కుకుంటూ పోయాడు. 1959లో ఏరియల్ ఫోర్‌స్ట్రోక్ బండ్ల తయారీ ఆపేసినా, మిల్లర్ మాత్రం దీన్ని వదల్లేదు. 1962, 1964 స్కాటిష్ ట్రయల్స్ గెలిచాడు. ఆ తర్వాత స్పెయిన్ కంపెనీ బుల్టాకోకు మారి, తేలికైన టూస్ట్రోక్ మీద 1965లోనూ గెలిచాడు. పెద్ద ఫోర్‌స్ట్రోక్‌ల రోజులు అక్కడితో దాదాపు అయిపోయాయి.

నన్నడిగితే, గెలవడానికైతే ఏరియలే. మిల్లర్ చేతిలో అది అంత పదునెక్కింది. కానీ గొప్పతనం బుల్లెట్‌ది. ఎవరూ నమ్మని రోజుల్లో వెనక సస్పెన్షన్‌తో రాళ్లలోకి దిగింది. 1950ల మధ్య నుంచి మద్రాసులో తయారై మన ఊళ్ల దాకా వచ్చిన బుల్లెట్‌కు కూడా అదే స్వింగింగ్ ఆర్మ్.