రామకోటి పక్కన ఇంకో నోటుబుక్కు

శ్రోతలందరికీ నమస్కారం.

1830 మే 18, మంగళవారం రాత్రి. చెన్నపట్నం నుంచి ఒక కుటుంబం కాశీకి బయల్దేరింది. ఇంటి పెద్ద ఏనుగుల వీరాస్వామయ్య గారు. అక్కడి సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ ఉద్యోగం చేసేవారు. మన దేశంలో ప్రయాణికుల రైలు నడవడానికి ఇంకా ఇరవై మూడేళ్లు ఉంది. పల్లకీలు, బోయీలు, సామాను మోసేవాళ్లు, అంతా కలిపి వందమంది దాకా ఉన్నారు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం... అక్కణ్ణుంచి మన కోస్తా మీదుగా 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలు దాటిన ప్రయాణం అది.

ఆ దారి పొడుగునా ఆయన రాసుకుంటూనే వెళ్లారు. ఇవాళ ఏ ఊళ్లో దిగాం, నిన్నటి మజిలీకి ఇది ఎంత దూరం, దారి ఎలా ఉంది, మంచినీళ్లు ఉన్నాయా, అంగళ్లున్నాయా, ఏరు ఎలా దాటాం. గుడికి వెళ్తే ఆ గుడి సంగతులు, అక్కడి అర్చన పద్ధతులు. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి దేవుడి గురించి, కర్మ గురించి, ఊరూరికీ మారే ఆచారాల గురించి తనకు తోచిందీ రాశారు. ఆ చోట్లంటే నాకు ప్రాణం. ఒక పక్క ఎడ్లకు మేత, పల్లకీకి దారి. ఇంకో పక్క ఆయన మనసులోని దేవుడు. రెండింటికీ వేరే వేరే పుస్తకాలు పెట్టుకోలేదాయన. భక్తి ఒక చోట, బతుకు ఒక చోట అనుకోలేదు.

ఇంతకూ ఎవరికోసం రాశారు? లోకం కోసం కాదు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళ గారని ఆయనకు మంచి స్నేహితుడు. మీరు చూసినవన్నీ నాకు రాయండి అని అడిగారు. అందుకని రాసి పంపారు. 1836లో వీరాస్వామయ్య గారు కన్నుమూశారు. రెండేళ్లకు, 1838లో, ఆ స్నేహితుడే వాటిని అచ్చు వేయించారు. అదే మనం ‘కాశీయాత్ర చరిత్ర’ అని చదువుకుంటున్న పుస్తకం. తర్వాత వందేళ్లు దాటాక దిగవల్లి వేంకట శివరావు గారు దాన్ని శ్రద్ధగా పరిష్కరించి 1941లో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఒకరు అడిగారు, ఒకరు రాశారు, ఒకరు దాచారు. అందుకే మనకు దక్కింది.

డైరీ రాద్దామని కూర్చుని, ఏం రాయాలో తెలియక పెన్ను పక్కన పెట్టేసేవాళ్లకు నేను చెప్పేది అదే. ఎవరికోసమో ముందు అనుకోండి. మనవరాలి కోసమా, తమ్ముడి కోసమా, అమెరికాలో ఉన్న కొడుకు కోసమా? ఆ ఒక్కరికి చెబుతున్నట్టు రాయండి. మాట దానంతటదే వస్తుంది.

మన ఇళ్లలో రాసే అలవాటు లేదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. బిడ్డ పుట్టిన ఘడియ పంచాంగం అంచున రాసిన తాతలు లేరా? క్రైస్తవుల ఇళ్లలో బైబిల్ ముందు పేజీల్లో పుట్టిన తేదీలు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు వరసగా కనిపిస్తాయి. ఇక రామకోటి సంగతి చెప్పనే అక్కర్లేదు. వంట ముగించుకుని, మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర కూర్చుని రామనామం రాసే తల్లులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ పుస్తకాలు నిండాక భద్రాచలం రాముడికి సమర్పిస్తారు. స్వామికి చేరాల్సినవి స్వామికి చేరతాయి. ఇంట్లోవాళ్లకు మాత్రం ఆ చేతిరాత మిగలదు.

అమ్మా, మీరు ఎలాగూ రోజూ పెన్ను పడుతున్నారు. పక్కన ఇంకో నోటుబుక్కు పెట్టుకోండి. ఆ పూట నామం రాయడం అయ్యాక, రెండు లైన్లు పిల్లల కోసం రాయండి. ఇవాళ ఏం మొక్కుకున్నారు, ఎవరి కోసం మొక్కుకున్నారు. అల్లుడికి ఉద్యోగం వచ్చిందని ఆనందమా, ఆపరేషన్ ఉందని టెన్షనా, అదీ రాయండి. కంది పప్పు ధర కూడా రాయండి. అమ్మ దేన్ని నమ్ముకుని ఆ కష్టం దాటిందో, యాభై ఏళ్ల తర్వాత ఒక బిడ్డకు తెలుస్తుంది.

ఒక జాగ్రత్త చెప్తాను. తేదీతో పాటు సంవత్సరం అంకెల్లో వేయండి. వీరాస్వామయ్య గారు బయల్దేరింది వికృతి నామ సంవత్సరంలో. 1950 కూడా వికృతే, 2010 కూడా వికృతే. ఉత్త వికృతి అని రాస్తే, చదివేవాళ్లకు మీరు ఏ కాలంవారో తెలియదు. అలాగే ‘పెద్దత్త వచ్చింది’ అని వదిలేయకండి. పెద్దత్త పేరేమిటి, ఏ ఊరు, ఎవరి తోబుట్టువు, అంతా రాయండి. మీకు తెలిసిన పెద్దత్త వాళ్లకు తెలియదు కదా. బాల్ పెన్నుతో రాయండి. సిరా తడి తగిలితే అలుక్కుపోతుంది. పుస్తకం ఎక్కడ దాచారో ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచండి.

మొదటి పేజీలో మీ అమ్మానాన్నల పేర్లు, వాళ్ల అమ్మానాన్నల పేర్లు, వాళ్ల ఊళ్లు, ఇలవేల్పు. గుర్తు రాకపోతే ఇంటి పెద్దవాళ్లకు ఈ పూటే ఫోన్ చేసి అడగండి. నమస్కారం.