పాత వాచీలో ఏది మార్చాలి, ఏది వదిలేయాలి

శ్రోతలందరికీ నమస్కారం.

ఇంట్లో కీ ఇచ్చే వాచీ ఏదైనా ఉంటే నాలుగు చుట్లు కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకోండి. నా మాటలు ఒక చెవితో, దాని మాటలు ఇంకో చెవితో వినండి. ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉన్న వాచీ అయితే మాత్రం కీ ఇవ్వకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

1950లలోనో 60లలోనో తయారైన మామూలు చేతి గడియారాలు చాలావరకు సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటాయి. గంటకు 18,000 సార్లు, రోజుకు 4,32,000 సార్లు. ఏడాదికి లెక్కేస్తే పదిహేను కోట్లు దాటుతుంది. అన్నిసార్లూ అటూ ఇటూ ఊగేది బ్యాలెన్స్ వీల్ అనే చిన్న చక్రం. దాని ఇరుసు కొనలు మిల్లీమీటరులో పదో వంతు ఉంటాయేమో, అంతే. అంత సన్నటి ఉక్కు మొన మీద ఏడాదికి పదిహేను కోట్ల ఊపులు! అరగడంలో వింత లేదు, ఇన్నాళ్లు అరగకుండా ఉండడమే వింత.

అలా నిలబడేది రాళ్ల వల్ల. డయల్ మీద '17 జ్యువెల్స్' అని ఉంటే లోపల ఖరీదైన రాళ్లు పొదిగారని చాలామంది అనుకుంటారు. అవి కెంపులే గానీ ఫ్యాక్టరీలో చేసినవి. కెంపును కృత్రిమంగా తయారుచేసే పద్ధతిని ఫ్రాన్సుకు చెందిన ఆగస్ట్ వెర్నాయ్ 1902లో వెల్లడించాక అవి చవకైపోయాయి. వాటిలో చాలా రాళ్లకు ఒక్కో చిల్లు ఉంటుంది, ఆ చిల్లులో ఇరుసు కొన తిరుగుతుంది. రాయి గట్టిది, నున్ననిది, కాబట్టి అది అరగదు. అరిగేదంతా ఉక్కు.

మరి ఉక్కు ఎందుకు అరుగుతుంది? నూనె ఎండిపోయి. మంచి వాచీ నూనె కూడా కొన్నేళ్లకు జిగురవుతుంది. అందులో దుమ్ము, లోహపు పొడి కలిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. సొరుగులోని పాత వాచీకి కీ ఇవ్వొద్దన్నది అందుకే. "భలే, ఇంకా నడుస్తోంది" అని మనం సంబరపడే ఆ కాసేపట్లో లోపల పొడిగా రాపిడి జరుగుతూ ఉంటుంది. "కీ ఎక్కువైపోయి బిగుసుకుపోయింది" అనే మాట మీరూ వినే ఉంటారు. కీ నిండుగా ఇవ్వడం వల్ల ఏ వాచీ చెడిపోదు, స్ప్రింగు పూర్తిగా చుట్టుకోవడానికే ఉంది. నిండుగా కీ ఉండి కూడా కదలడం లేదంటే మిగతా చక్రాలు జిగురులో ఇరుక్కున్నాయని అర్థం.

మా నాన్నగారి వాచీతోనే నాకు ఈ సంగతులన్నీ తెలిశాయి. రాత్రి బల్ల మీద వెల్లకిలా పెడితే చక్కగా నడిచేది. పగలు చేతికి పెట్టుకుంటే సాయంత్రానికి పది నిమిషాలు వెనకబడేది. నా చెయ్యే దానికి పడటం లేదేమో అనుకున్నాను! రిపేరు చేసే పెద్దాయన మూత విప్పకుండానే దాన్ని వెల్లకిలా, బోర్లా, తర్వాత అంచు మీద నాలుగు వైపులా తిప్పి తిప్పి పెట్టి విన్నారు. వెల్లకిలా ఉన్నప్పుడు చక్రం బరువంతా ఇరుసు ఒక చివరి మొన మీద ఉంటుంది, బోర్లా పెడితే రెండో మొన మీద. నిలబెట్టినప్పుడు రెండు మొనల పక్కలూ రాసుకుంటాయి. ఏ భంగిమలో నీరసపడుతోందో చూస్తే ఎక్కడ అరిగిందో చాలావరకు తెలిసిపోతుంది. ఇప్పుడు ఈ పనికి యంత్రం ఉంది. అదీ చూడదు, వింటుంది. మైకు మీద వాచీని పెడితే టిక్కుల మధ్య తేడాలు పట్టి, రోజుకు ఎన్ని సెకన్లు తప్పుతోందో, చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో లెక్క చెబుతుంది. పడుకోబెట్టినప్పుడు 270 డిగ్రీలకు అటూ ఇటూ ఊగితే ఆరోగ్యమే. 200 కిందికి దిగితే లోపల ఏదో ఉన్నట్టే.

మూత విప్పాక ఆయన భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. సూదిలా ఉండాల్సిన మొన మేకు నెత్తిలా చదునై ఉంది. పక్కల్లో గాడి పడింది. ఈ ఇరుసునే బ్యాలెన్స్ స్టాఫ్ అంటారు. పాత వాచీల్లో ఎక్కువగా పోయేది ఇదే. 1930లలో ఇన్‌కాబ్లాక్ లాంటి ఏర్పాట్లు వచ్చి, రాయిని చిన్న స్ప్రింగు మీద కూర్చోబెట్టి దెబ్బను కాచుకునేవరకు, వాచీ చెయ్యి జారి నేల మీద పడిందంటే ఈ ఇరుసు పుటుక్కున విరిగేది.

మార్చడం చెప్పినంత తేలిక కాదు. పాత ఇరుసుకు చక్రాన్ని రివిట్ కొట్టి బిగించి ఉంటారు. ఆ రివిట్‌ను లేత్ మిషన్ మీద జాగ్రత్తగా కోసి తీయాలి. తొందరపడి సుత్తితో బయటకు కొడితే చక్రం మధ్య చిల్లు పెద్దదై, కొత్త ఇరుసు వదులవుతుంది. కొత్తది ఎక్కించి రివిట్ కొట్టాక చక్రం తూకం చూడాలి. రెండు పల్చటి అంచుల మీద పెడితే ఎటూ దొర్లకుండా ఎక్కడ పెడితే అక్కడ నిలవాలి. ఒక వైపు బరువుంటే ఆ వైపే కిందికి వస్తుంది. చివరగా హెయిర్ స్ప్రింగు, అంటే బ్యాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊగించే సన్నటి చుట్టల స్ప్రింగు. ఊపిరి తగిలితే వణికే తీగ అది. వేడికీ చలికీ దాని బిగువు మారకుండా ఉండే లోహం కోసం ఎంతోమంది ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. నికెల్, ఉక్కు మిశ్రమాల మీద పరిశోధనకు షార్ల్ ఎడ్వార్డ్ గియోమ్‌కు 1920లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతే వచ్చింది. అలాంటి తీగను ట్వీజర్‌తో ఒక్కసారి తప్పుగా పట్టుకుంటే చుట్లన్నీ చిక్కుపడతాయి. చేతనైన పనివాడి దగ్గరకే వెళ్లమనేది ఈ ఒక్క మెలిక కోసమే.

విడిభాగం దొరుకుతుందా అన్నది అందరికీ ఉండే టెన్షన్. డయల్ మీది పేరు చూసి వెతికితే దొరకదు. లోపలి మిషన్ మీద, సాధారణంగా బ్యాలెన్స్ చక్రం కింద, చిన్న అక్షరాల్లో ఒక నంబరు, తయారీదారు గుర్తు ఉంటాయి. అవే అసలు చిరునామా. ఏ.ఎస్., ఎఫ్.హెచ్.ఎఫ్., ఈటీఏ లాంటి స్విస్ కంపెనీలు మిషన్లు తయారుచేసి ఎన్నో బ్రాండ్లకు అమ్మేవి. బ్రాండు ఎప్పుడో మూతపడినా అదే మిషన్ ఇంకో పేరున్న వాచీలో ఉండొచ్చు. పాడైన వాచీ ఒకటి కొని అందులోంచి భాగం తీసుకోవడమూ మామూలే. అయితే దాతగారి ఇరుసూ మన ఇరుసంత వయసుదేనని మరచిపోకూడదు.

మెయిన్ స్ప్రింగు, అంటే కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపించే స్ప్రింగు, దాని విషయంలో నేను బేరం ఆడను. వాచీ విప్పారంటే అది మార్చాల్సిందే. పాతకాలపు నీలి ఉక్కు స్ప్రింగు డబ్బీలోంచి తీశాక విశాలంగా విచ్చుకోవాలి. అలసిపోయినది చుట్ట చుట్టుకునే ఉండిపోతుంది. కొత్త మిశ్రమ లోహం స్ప్రింగులు తుప్పు పట్టవు, తొందరగా విరగవు. కానీ వెడల్పు, మందం, పొడవు మూడూ కుదరాలి. "ఇంకొంచెం గట్టిది వేస్తే బాగా నడుస్తుంది కదా" అంటారు కొందరు. మరీ గట్టిది వేస్తే చక్రం ఊగాల్సిన దానికన్నా ఎక్కువ ఊగి అవతలి వైపు వెళ్లి కొట్టుకుంటుంది. అప్పుడు టిక్కుటిక్కు పోయి గుర్రం డెక్కల చప్పుడు వినిపిస్తుంది. వాచీ బాగా ముందుకు పరుగెడుతుంది.

నేర్చుకునే రోజుల్లో ఓ పనికిరాని మిషన్ నా చేతిలో పెట్టారు. విప్పేముందు స్ప్రింగులో ఉన్న కీ మొత్తం నెమ్మదిగా వదిలేయాలి, అది మొదటి పాఠం. నేను ఆ పాఠం విన్నాను, కానీ చెయ్యి వినలేదు. పైపలక మర చివరి చుట్టు తీస్తుండగానే భుర్రుమని చక్రాలన్నీ ఒక్కసారి తిరిగి ఆగాయి. చూస్తే రెండు ఇరుసు కొనలు లేవు. అర సెకను పని అది. ఇంకో మాట: కీ దగ్గరి పళ్ల చక్రం మర చాలా వాచీల్లో ఎడమచేతి మర. అందరూ తిప్పేవైపే తిప్పితే ఊడడానికి బదులు తల తెగుతుంది.

ఇక పైన కనిపించే వాటి సంగతి. కీ తిప్పే బుడిపె పళ్లు అరిగితే, అందులోని రబ్బరు వాషర్ గట్టిపడితే మార్చేయండి, నీళ్లు దూరేది అక్కడినుంచే. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే వారం ఆగకండి, తుప్పు ఆగదు. ప్లాస్టిక్ అద్దం గీతలు పాలిష్ పేస్టుతోనే చాలావరకు పోతాయి. పగిలితే మళ్లీ ప్లాస్టిక్ అద్దమే వేయించండి, ఆ ఉబ్బెత్తు చూపు దానికే వస్తుంది.

డయల్‌ను మాత్రం ముట్టుకోనివ్వకండి. తిరిగే భాగం అరిగితే నేను మొహమాటం లేకుండా మారుస్తాను, మొహం మీది మచ్చ జోలికి పోను. కొత్తగా రంగు వేయించిన డయల్‌లో అక్షరాలు మందంగా, గీతలు వంకరగా వచ్చిన వాచీలు ఎన్ని చూశానో! కేసుకు పాలిష్ పెట్టిస్తే మెరుపు వస్తుంది, పదునైన అంచులు శాశ్వతంగా పోతాయి. ఇంకో కారణం కూడా ఉంది, ఇది తమాషా విషయం కాదు. 1960ల దాకా చాలా వాచీల్లో చీకట్లో మెరిసే రంగు రేడియంతో చేసేవారు. మెరుపు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది గానీ రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. 1920లలో అమెరికాలో ఈ రంగు వేస్తూ, కుంచె మొన కోసం పెదాలతో తడిపిన కార్మిక స్త్రీలు దాని విషానికి చనిపోయారు. కాబట్టి పాత వాచీ ముళ్ల మీది గోధుమరంగు పొక్కును గోకకండి, ఊదకండి. మూత వేసి ఉంచి, ఆ సంగతి తెలిసిన వారికే ఇవ్వండి. డయల్ ముందువైపు కింది అంచున టి (T) అక్షరం ఉంటే ఆ మెరిసే రంగులో ఉన్నది ట్రిటియం. దాని సగం వయసు పన్నెండేళ్ల పైచిలుకే.

రిపేరు అయ్యాక తీసేసిన పాత భాగాలు అడిగి తీసుకోండి. మా నాన్నగారి వాచీకి ఇరుసు, మెయిన్ స్ప్రింగు మారాయి. నాలుగు అంకె దగ్గరి మరక అలాగే ఉంది. రోజుకు ఒక నిమిషం వెనక నడుస్తుంది, పొద్దున్న కీ ఇచ్చేటప్పుడు ఆ నిమిషం కలుపుతాను. పాత ఇరుసును పెద్దాయన మడిచిన కాగితంలో పెట్టి ఇచ్చారు. అది విప్పి చూడాలంటే ముందు ఫ్యాన్ ఆపాలి.