మజిల్ కారులో ఇంజిన్ పోయి బ్యాటరీ వచ్చాక

[దృశ్యం: డెట్రాయిట్ శివార్లలో వుడ్‌వర్డ్ అవెన్యూ. ఆగస్టు ఎండ. రోడ్డు వారన మడతకుర్చీలు వేసుకుని కూర్చున్న కుటుంబాలు. కారు ఇంకా తెరమీదికి రాలేదు. దాని చప్పుడు మాత్రం వినిపిస్తోంది.]

వ్యాఖ్యాత: నమస్కారం. డెట్రాయిట్ నుంచి ఉత్తరంగా సాగే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఆగస్టు నెలలో పాత కార్లు బారులు తీరే వేడుక ఒకటి 1995లో మొదలైంది. ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్ ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగువారిలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. అక్కడ కుర్చీల్లో కూర్చున్నవారు కారు కనబడకముందే తల తిప్పుతారు, ఎందుకంటే వచ్చేది ఏ బండో వారికి చెవులే ముందుగా చెబుతాయి. ఆ చప్పుడు లేని మజిల్ కారు ఇప్పుడు షోరూముల్లోకి వచ్చింది. పికప్‌లో అది పాతవాటికి ఏమాత్రం తీసిపోదు. అయినా దాన్ని కొనేవారు ఎందుకు వెనకాడుతున్నారన్నదే ఈ వీడియోలో మనం చూడబోయే విషయం.

[దృశ్యం: 1964 పాంటియాక్ జీటీఓ. కెమెరా నెమ్మదిగా బానెట్ కిందికి దిగుతుంది.]

మజిల్ కారు అంటే ఖరీదైన స్పోర్ట్స్ కారు అని చాలామంది అనుకుంటారు కానీ, దాని పుట్టుక అందుకు పూర్తిగా భిన్నమైనది. మధ్యతరహా కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని 1960ల తొలినాళ్ళలో జనరల్ మోటార్స్ సంస్థలో ఒక అంతర్గత నియమం ఉండేది. పాంటియాక్ విభాగంలో చీఫ్ ఇంజినీరుగా ఉన్న జాన్ డిలోరియన్ బృందం ఆ నియమాన్ని తెలివిగా దాటింది. 389 క్యూబిక్ అంగుళాల, అంటే దాదాపు 6.4 లీటర్ల, వీ8 ఇంజిన్ను టెంపెస్ట్ లెమాన్స్ అనే మామూలు కుటుంబ కారులో బిగించి, దాన్ని కొత్త మోడల్‌గా కాకుండా, అదనంగా 295 డాలర్లు చెల్లిస్తే దొరికే ఒక ఆప్షన్‌గా అమ్మకానికి పెట్టింది. ఆ కాలపు లెక్కల్లో 325 హార్స్‌పవర్ ఇచ్చిన ఆ కారు మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయింది. సాదా బాడీ, పెద్ద ఇంజిన్, ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాడికి కూడా అందే ధర: మజిల్ కారు సూత్రం అంతా ఇందులోనే ఉంది. దయచేసి ఈ ధర సంగతిని గుర్తుంచుకోండి, మనం మళ్ళీ దీని దగ్గరికే రావలసి ఉంటుంది.

ఆ తరువాత 1970 నాటి కాలుష్య చట్టం, కుర్రకారు మీద పెరిగిన బీమా ప్రీమియంలు, 1973 చమురు సంక్షోభం కలిసి ఆ తరాన్ని ముగించాయి. కొన్ని దశాబ్దాలకు అది మళ్ళీ ప్రాణం పోసుకుని, 2014లో 707 హార్స్‌పవర్ డాడ్జ్ హెల్‌క్యాట్‌తోనూ, 2023లో 1,025 హార్స్‌పవర్ డీమన్ 170తోనూ శిఖరానికి చేరింది. ఆ ఏడాది డిసెంబరులోనే కెనడాలోని బ్రాంప్టన్ కర్మాగారంలో ఈ రెండు రకాలూ వచ్చిన డాడ్జ్ చాలెంజర్ మోడల్ ఉత్పత్తి ఆగిపోయింది.

[దృశ్యం: వీ8 ఇంజిన్ నిలువుకోత యానిమేషన్. ఎడమ వరుస సిలిండర్లు ఒక రంగులో, కుడి వరుసవి మరో రంగులో వెలుగుతూ ఆరుతుంటాయి.]

ఇప్పుడు ఆ చప్పుడు సంగతి చూద్దాం. అమెరికన్ వీ8 ఇంజిన్లో ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా ఉంటాయి. వాటి పిస్టన్లన్నీ కలిసి తిప్పే ఇరుసునే క్రాంక్‌షాఫ్ట్ అంటారు. క్రాంక్‌షాఫ్ట్ ప్రతి 90 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఏదో ఒక సిలిండర్లో ఇంధనం మండుతుంది కాబట్టి ఇంజిన్ మొత్తంగా చూస్తే దరువు సమంగానే ఉంటుంది. అయితే ఒక్క వరుసను విడిగా గమనించండి. అందులో రెండు మంటల మధ్య ఎడం ఒకసారి 90 డిగ్రీలు, తరువాత 180, ఆపైన 270, మళ్ళీ 180గా మారుతూ ఉంటుంది. ఒక్కో వరుసకు ఒక్కో సైలెన్సర్ గొట్టం ఉన్నప్పుడు ఆ గొట్టంలోంచి పొగ కూడా ఆ ఎగుడుదిగుడు తాళంలోనే బయటికి వస్తుంది. డప్పు మీద రెండు దెబ్బలు దగ్గరగా పడి, తరువాతి దెబ్బ ఆలస్యంగా పడినట్టు గుండెలో తగిలే ఆ గుడగుడ, నిజానికి క్రాంక్‌షాఫ్ట్ ఆకారం మనకు వినిపించడమే. ఎవరూ దాన్ని స్వరపరచలేదు; యంత్రం పని చేస్తున్నప్పుడు దానంతట అదే పుట్టింది.

[దృశ్యం: రెండు ఇరుసుల మీద రెండు మోటార్లు, మధ్యలో నేల పొడవునా బ్యాటరీ.]

విద్యుత్ మోటారులో ఇవేవీ ఉండవు. టార్క్ అంటే చక్రాలను తిప్పే బలం. పెట్రోల్ ఇంజిన్ తన పూర్తి టార్క్‌ను అందుకోవాలంటే నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరగాలి, గేర్లు మారాలి. మోటారు మాత్రం బండి నిలబడి ఉన్న క్షణం నుంచే దాదాపు పూర్తి టార్క్ ఇవ్వగలదు. ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి మోటారు ఉంటే, ఏ చక్రం జారబోతోందో కనిపెట్టి కంప్యూటర్ రెప్పపాటు లోపే శక్తిని సర్దుతుంది. 1,020 హార్స్‌పవర్‌తో వచ్చిన టెస్లా మోడల్ ఎక్స్ ప్లాయిడ్ అనే కుటుంబ ఎస్‌యూవీ గంటకు 96 కిలోమీటర్ల వేగాన్ని 2.5 సెకన్లలో అందుకుంటుందని ఆ సంస్థ ప్రకటించింది. వేగం ఒక్కటే కొలమానమైతే పోటీ ఇక్కడితో ముగిసినట్టే.

కానీ రోడ్డు మీద బరువు కూడా లెక్కకు వస్తుంది. 70 లీటర్ల ట్యాంకులో పట్టే పెట్రోలు 50 కిలోలకు కాస్త ఎక్కువగా తూగుతుంది, పైగా ప్రయాణం సాగే కొద్దీ తగ్గిపోతుంది. బ్యాటరీ మాత్రం వందల కిలోల బరువుండి, చార్జింగ్ అయిపోయినా అంతే తూగుతుంది. జీఎంసీ హమ్మర్ విద్యుత్ వాహనాన్నే తీసుకోండి. దాని మొత్తం బరువు సుమారు 4,100 కిలోలు కాగా, అందులో బ్యాటరీ ఒక్కటే సుమారు 1,300 కిలోలు ఉంటుంది. మన పాత మారుతీ 800 కార్లు రెండింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి నేల కింద అమర్చుకుని తిరిగినట్టన్నమాట. 1,600 కిలోల చుట్టుపక్కల ఉండే 1964 జీటీఓతో పోలిస్తే, అదే వేగంలో ఢీకొన్నప్పుడు ఈ వాహనం మోసుకొచ్చే శక్తి రెండున్నర రెట్లు. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు అధ్యక్షురాలు జెనిఫర్ హోమెండీ 2023 జనవరిలో ఇదే వాహనాన్ని ఉదాహరణగా చూపి, బరువైన విద్యుత్ వాహనాల వల్ల రోడ్డు మీద ఇతరులకు కలిగే ప్రమాదం గురించి బహిరంగంగా ఆందోళన వ్యక్తం చేశారు. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమని నేను నమ్ముతున్నాను. పొగ రాని బండి అయినంత మాత్రాన, ఎదురుగా చిన్న కారులో వస్తున్న మనిషికి అది మేలు చేసినట్టు కాదు.

[దృశ్యం: డాడ్జ్ చార్జర్ డేటోనా వెనక భాగం దగ్గరగా. సైలెన్సర్ గొట్టాలు ఉండవలసిన చోట ఖాళీ.]

మనం మొదట వేసుకున్న ప్రశ్నకు సమాధానం ఈ కారులో ఉంది. విద్యుత్ డాడ్జ్ చార్జర్ డేటోనాలో స్కాట్ ప్యాక్ రకం 670 హార్స్‌పవర్ ఇస్తుంది, 96 కిలోమీటర్ల వేగాన్ని 3.3 సెకన్లలో అందుకుంటుంది. దాని బరువు సుమారు 2,650 కిలోలు, అంటే హెల్‌క్యాట్ ఇంజిన్ ఉన్న పాత చాలెంజర్ కంటే ఆరు వందల కిలోలకు పైగా ఎక్కువ. చప్పుడు లోటును పూడ్చడానికి డాడ్జ్ వెనక బంపర్ కింద గాలి అరలనూ స్పీకర్లనూ అమర్చి, దానికి ఫ్రాట్‌జానిక్ అని పేరు పెట్టింది. ఆ ఇంజినీర్ల శ్రమను నేను గౌరవిస్తాను. అయితే క్రాంక్‌షాఫ్ట్ ఆకారం నుంచి పుట్టిన శబ్దాన్ని, క్రాంక్‌షాఫ్టే లేని బండిలో స్పీకర్‌తో వినిపించాలనుకోవడం దగ్గరే వారు దారి తప్పారని నా అభిప్రాయం. మోటారుకూ, బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌కూ సన్నని ఈల లాంటి తమ సొంత గొంతు ఉంది. దాన్ని దాచకుండా వినిపించి ఉండవలసింది.

అంతకంటే పెద్ద పొరపాటు ధరలో జరిగింది. ఈ కారు మొదట మార్కెట్లోకి వచ్చినప్పుడు తక్కువ ధర రకం సుమారు 60 వేల డాలర్లు, స్కాట్ ప్యాక్ ధర సుమారు 73 వేల డాలర్లు. 295 డాలర్ల ఆప్షన్‌తో పుట్టిన సంప్రదాయం, ఆ సంప్రదాయాన్ని అంటిపెట్టుకున్న కుర్రవాళ్ళకే అందని చోటికి వెళ్ళిపోయింది. శబ్దం గురించి జరిగిన గొడవంతా పైకి కనబడే నొప్పి మాత్రమే, అసలు జబ్బు బరువులోనూ ధరలోనూ ఉంది. ఆ రెండింటికీ మూలం బ్యాటరీయే. ఫోర్డ్ అనుభవం కూడా ఈ మాటనే బలపరుస్తుంది. తన పేరుమోసిన పెట్రోలు కారు మస్టాంగ్ పేరును మాక్-ఈ అనే విద్యుత్ ఎస్‌యూవీకి పెట్టినప్పుడు అభిమానులు ఎంతో బాధపడ్డారు. కానీ కుటుంబానికి సరిపడే బండిగా, డేటోనా కంటే అందుబాటు ధరలో వచ్చిన ఆ మాక్-ఈ 2024లో అమెరికాలో 51,745 అమ్ముడుపోతే, అసలు మస్టాంగ్ 44,003 దగ్గర ఆగింది.

[దృశ్యం: వాషింగ్టన్, కాపిటల్ భవనం.]

తయారీదారులను ఈ దారికి నెట్టింది ప్రధానంగా చట్టమే. ఇంధన పొదుపు ప్రమాణాలను అందుకోలేకపోయినందుకు డాడ్జ్ మాతృసంస్థ స్టెలాంటిస్ 2018, 2019 మోడళ్ళకు గాను 23.5 కోట్ల డాలర్లకు పైగా జరిమానా కట్టింది. 2025 జులైలో వచ్చిన కొత్త చట్టం ఆ జరిమానాను సున్నా చేసింది. విద్యుత్ కార్ల కొనుగోలుపై ఉన్న 7,500 డాలర్ల పన్ను రాయితీ సెప్టెంబరు 30తో ముగిసింది. దాంతో తూకం మళ్ళీ పెట్రోలు వైపు ఒరిగింది. డేటోనాలో తక్కువ ధర రకం 2026 మోడళ్ళ నుంచి తప్పుకుంది, 3 లీటర్ల ట్విన్ టర్బో ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో 420, 550 హార్స్‌పవర్ రకాల్లో చార్జర్ సిక్స్‌ప్యాక్ వచ్చింది.

[దృశ్యం: కెనడాలోని విండ్సర్ కర్మాగారం. అసెంబ్లీ లైను మీద ఒకే ఆకారంలో ఉన్న రెండు చార్జర్ బాడీలు.]

బ్యాటరీ చార్జర్, పెట్రోలు చార్జర్ రెండూ ఇవాళ విండ్సర్‌లోని ఒకే కర్మాగారంలో, ఒకే ప్లాట్‌ఫారం మీద తయారవుతున్నాయి. పెట్రోలు రకంలో ఇంజిన్ కూర్చునే చోట విద్యుత్ రకంలో ముందు మోటారు ఉంటుంది. పెట్రోలు రకంలో వెనక చక్రాలకు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండే చోట, విద్యుత్ రకంలో 100 కిలోవాట్ అవర్ల బ్యాటరీ పరుచుకుని ఉంటుంది. బయటి నుంచి చూసేవారికి రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి.