ప్రాచీన గ్రీకు మాటకు అర్థం ఎక్కడ ఉంటుంది?

అధ్యక్షుల వారికి, పెద్దలకు, ముఖ్యంగా వెనుక వరుసల్లో కూర్చున్న గ్రీకు విద్యార్థులకు నమస్కారం. సంజ్ఞానాత్మక భాషాశాస్త్రం ప్రాచీన గ్రీకు పదాల అర్థాన్ని ఎలా వివరిస్తుందో చెప్పమన్నారు. పేరు పెద్దదే కానీ భయపడకండి: మాటల అర్థాన్ని మన మనసు లోకాన్ని ఊహించుకునే తీరులో వెతికే శాస్త్రం అది.

మన వేదాంత కళాశాలల్లో కొత్త నిబంధన కోసం గ్రీకు మొదలుపెట్టిన పిల్లలు ‘పారా’ అనే చిన్న మాట దగ్గర చతికిలబడతారు. షష్ఠితో వస్తే ‘దగ్గర నుంచి’, చతుర్థితో ‘దగ్గర’, ద్వితీయతో ‘దగ్గరకు’, ‘వెంబడి’, ‘మించి’, చివరికి ‘విరుద్ధంగా’. నిఘంటువు వీటికి వరుసగా అంకెలు వేసి ఊరుకుంటుంది. నేను చదువుకునే రోజుల్లో ఒక సహాధ్యాయి లేచి, “దగ్గర అనే మాట విరుద్ధంగా ఎలా మారిందండీ?” అని అడిగాడు. “పరీక్షకు బట్టీ పట్టు, చాలు” అన్నారు. తరువాత అతను గ్రీకు వదిలేశాడు. అది అడగవలసిన ప్రశ్న. దానికి జవాబు ఉంది.

1970లలో ఎలినార్ రాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మన మనసులోని వర్గాలకు గట్టి సరిహద్దు గోడలు ఉండవని, ఒక మేలైన నమూనా చుట్టూ అవి అల్లుకుంటాయని చూపించారు. 1980లలో జార్జ్ లేకాఫ్, రొనాల్డ్ లాంగకర్ వంటివారు ఆ చూపును పదాల అర్థం మీదికి తెచ్చారు. గ్రీకు విభక్తుల మీద, ‘పారా’ వంటి ఉపసర్గల మీద సిల్వియా లురాగి 2003లో ఇదే పద్ధతిలో పెద్ద పరిశీలన ప్రచురించారు.

ఇప్పుడు ‘పారా’ను చూడండి. నడిమధ్యన ఉన్నది ‘పక్క’ అనే ఒక చిత్రం. రాజు దగ్గర నుంచి, రాజు దగ్గర, రాజు దగ్గరకు అని మనం ప్రత్యయాలు మార్చినట్టే గ్రీకువారు విభక్తి మార్చారు. ద్వితీయలో కదలిక ఉంది: ఒకదాని పక్కగా సాగే దారి దాన్ని దాటి పోవచ్చు కూడా. గురిని దాటిపోయిన బాణం గురికి తగలనట్టే, ప్రకృతిని దాటి పోయినది ప్రకృతికి విరుద్ధం. పారలల్‌లో ఉన్నదీ, పారాడాక్స్‌లో ఉన్నదీ ఒకే ‘పారా’. మొదటిది పక్కపక్కన సాగేది, రెండవది లోకాభిప్రాయాన్ని దాటి పోయేది. అర్థాలు ఆరు కావు. ఒక చిత్రానికి ఆరు సాగింపులు.

ఉపసర్గల గురించే మాట్లాడాలనుకుని వచ్చాను. కానీ హోమర్‌ను తలచుకోకుండా నేను వేదిక దిగలేను, కాస్త ఓర్చుకోండి. ఆయన కావ్యం ఇలియడ్ మొదటి సర్గలో శకునాలు చెప్పే కాల్కస్, రాజు అగమెమ్నాన్‌కు భయపడి వీరుడు అకిలీస్ రక్షణ కోరతాడు. రాజు ఆ రోజుకు ‘ఖోలోస్’ను అరిగించుకున్నా, తీర్చుకునే దాకా ‘కోటోస్’ను గుండెలో ఉంచుకుంటాడు అంటాడు. రెండింటినీ ‘కోపం’ అని అనువదిస్తే ఆ వాక్యమే చచ్చిపోతుంది! ఖోలోస్ పిత్తానికి చుట్టం. అది ఒంట్లో పుడుతుంది, అరుగుతుంది. పద్దెనిమిదో సర్గలో అకిలీస్ నోట అదే ఖోలోస్ జారే తేనె కన్నా తియ్యగా ఉండి, రొమ్ములో పొగలా పెరుగుతుంది. కోటోస్ అరగదు, కాచుకుని కూర్చుంటుంది. కావ్యానికి తొలి మాటైన ‘మేనిస్’ మరొకటి, ఎక్కువగా దేవతల ఆగ్రహానికి వాడేది. కవి దాన్ని అకిలీస్‌కు ఇచ్చాడు. శరీరాన్ని ఒక పాత్రగా, భావాన్ని అందులోని పదార్థంగా ఊహించే తీరు నుంచే ఈ తేడాలు తెలుస్తాయి. కోపాన్ని దిగమింగుకునే మనకు, అరిగించుకునే గ్రీకువాడు పరాయివాడు కాడు.

కాల్కస్ అన్న ఆ వాక్యంలోనే ‘తరువాత’ అనడానికి కవి వాడినది ‘వెనుక’ అనే స్థలవాచకం. చూసిన గతం కళ్లెదుట, చూడని భవిష్యత్తు వీపు వెనుక! ‘ముందుచూపు’ అనే మనకు ఇది తలకిందులు. గ్రీకులో ‘నాకు తెలుసు’ అనే ‘ఓయిడా’ కూడా ‘చూడటం’ అనే ధాతువు నుంచి వచ్చినదే.

ఒక హెచ్చరిక. ఆ భాషను పుట్టుకతో మాట్లాడేవారు మనకు దొరకరు. ఇలా ఒక చిత్రం నుంచి అర్థాల వల గీయడం సులువు, కానీ ప్రతి గీతకూ పాఠంలో ఆధారం చూపాలి. చూపలేకపోతే గీయకండి.

ఉపాధ్యాయ మిత్రులారా, వచ్చే ఏడాది ‘పారా’ చెప్పే రోజున ముందు నల్లబల్ల మీద ఒక చుక్క, దాని పక్కగా ఒక బాణం గీయండి. అంకెల జాబితా ఆ తరువాత ఇవ్వండి. “ఎలా మారిందండీ?” అని ఎవరైనా అడిగితే, ఆ గంటంతా ఆ ప్రశ్నకే ఇవ్వండి.